ఏబీబీ ఏసీఎస్580 రివ్యూ: రైస్ మిల్లు బాయిలర్ ఐడీ ఫ్యాన్‌కు ఈ డ్రైవ్ ఎంతవరకు పనికొస్తుంది

ఉప్పుడు బియ్యం ఆడించే మిల్లుల్లో ఊక బాయిలర్ వెనక ఉండి పొగను చిమ్నీలోకి లాగే ఐడీ (ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్) ఫ్యాన్ డ్యాంపర్ (గాలి దారిని మూసే తలుపు) హ్యాండిల్ చూస్తే, డ్రైవ్ (మోటార్ స్పీడ్‌ను మార్చే పరికరం) కావాలో అక్కర్లేదో సగం అక్కడే తెలిసిపోతుంది. మిర్యాలగూడ, కరీంనగర్ వైపు చాలా మిల్లుల్లో అది సగానికి మూసి, జీఐ తీగతో కట్టేసి ఉంటుంది. మోటార్ మాత్రం 1480 ఆర్‌పీఎం మీద తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ పుట్టించిన ప్రెషర్‌లో కొంత డ్యాంపర్ రెక్కల దగ్గరే ఆవిరైపోతుంది. బిల్లు మాత్రం దానికీ వస్తుంది.

ఉన్న మోటార్‌ను మార్చకుండా, స్టార్ డెల్టా స్టార్టర్ (మోటార్‌ను తక్కువ కరెంట్‌తో మొదలుపెట్టే పాత ప్యానెల్) తీసేసి ఏసీఎస్580 పెట్టుకునేవాళ్ళ కోసం ఈ రివ్యూ. ఉదాహరణకు 37 కిలోవాట్లు అంటే 50 హెచ్‌పీ, నాలుగు పోళ్ళ మోటార్‌ను తీసుకుందాం. డ్రైవ్ వరకే అయితే దీనికి 10కి 8 ఇవ్వొచ్చు. మిగతా మార్కులు ఎక్కడ పోయాయో కింద ఉంది. కానీ ఈ రేటింగ్ డ్రైవ్ పెట్టెకే. గాలి ఆడని ప్యానెల్‌లో, మోటార్ కెపాసిటర్ తీయకుండా, పాత కేబుల్‌ను కట్టర్‌తో కోసి అతికించి పెడితే ఏ కంపెనీ డ్రైవ్ అయినా ఒక సీజన్ దాటడం కష్టం.

ముందు పుల్లీ సంగతి చూడండి

ఫ్యాన్ స్పీడ్ తగ్గిస్తే గాలి అదే నిష్పత్తిలో తగ్గుతుంది, ప్రెషర్ దాని వర్గం చొప్పున, పవర్ ఘనం చొప్పున తగ్గుతాయి. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే స్పీడ్ 80%, షాఫ్ట్ మీద పవర్ 51% దగ్గరికి వస్తుంది. ఈ లెక్క ఐడీ ఫ్యాన్‌కు బాగా అతుకుతుంది. ఎందుకంటే అక్కడ ఎత్తుకు తోయాల్సిన స్థిరమైన భారం దాదాపు లేదు. డక్టు, మల్టీ సైక్లోన్ (పొగలోంచి బూడిదను వేరుచేసేది), చిమ్నీ రాపిడే ఎక్కువ. బాయిలర్ ఫీడ్ పంపు దగ్గర ఇదే లెక్క వేస్తే మోసపోతారు. డ్రమ్ ప్రెషర్‌ను దాటి నీళ్ళు తొయ్యాలి కాబట్టి స్పీడ్ కొంచెం తగ్గించగానే నీళ్ళు ఆగిపోతాయి, ఆదా మిగలదు.

లెక్క వేసేముందు ఒక షిఫ్టంతా కిలోవాట్లు కొలవాలి. టాంగ్ టెస్టర్‌తో ఆంపియర్లు చూసి పవర్ అంచనా వేయొద్దు. లోడు తగ్గేకొద్దీ పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది కాబట్టి పవర్ తగ్గినంతగా ఆంపియర్లు తగ్గవు. డ్యాంపర్ మూసిన స్థితిలో మీటర్ 30 కిలోవాట్లు చూపించిందనుకుందాం. డ్యాంపర్ పూర్తిగా తెరిచి 40 హెర్ట్జ్ దగ్గర అదే డ్రాఫ్ట్ (పొగను లాగే బలం) వస్తే, డ్రైవ్ నష్టాలు, మోటార్ సామర్థ్యంలో తగ్గుదల కలిపినా 20 దగ్గర ఆగుతుంది. గంటకు 10 యూనిట్లు మిగిలాయి. మిల్లు సీజన్ 3500 గంటలు అనుకుంటే 35,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైతే 2,45,000 రూపాయలు. మీ మిల్లు గంటలు, మీ టారిఫ్ వేసుకుని ఇదే లెక్క తిరగేసి, చేతిలో ఉన్న కొటేషన్‌తో పోల్చండి. కొటేషన్ అంటే డ్రైవ్ ఒక్కటే కాదు, ప్యానెల్, కేబుల్, గ్లాండ్లు, డ్రాఫ్ట్ ట్రాన్స్‌మిటర్, లేబర్ అన్నీ కలిపి.

డ్రైవ్ అమ్మేవాళ్ళు సాధారణంగా చెప్పని మాట ఇంకొకటి ఉంది. మీ ఫ్యాన్ బెల్టు మీద నడుస్తూ, సంవత్సరం పొడుగునా డ్యాంపర్ ఒకేచోట ఉంటే డ్రైవ్ కొనొద్దు. మోటార్ వైపు పుల్లీ 200 మిల్లీమీటర్లు ఉంటే 160ది వేయండి. ఫ్యాన్ స్పీడ్ 80%కి దిగుతుంది, ఆ పవర్ ఆదా కొన్ని వేల రూపాయల్లో వచ్చేస్తుంది, చెడిపోయే ఎలక్ట్రానిక్స్ లేదు. డ్రైవ్‌కు విలువ వచ్చేది స్టీమ్ లోడు మారేచోటే. నానబెట్టే ట్యాంకులకు, ఉడికించే ట్యాంకులకు, డ్రయ్యర్‌కు ఒకేసారి స్టీమ్ లాగినప్పుడు ఒక డ్రాఫ్ట్, రాత్రి డ్రయ్యర్ ఒక్కటే నడిచేటప్పుడు ఇంకో డ్రాఫ్ట్. తడి ఊక వచ్చిన రోజు మరోలా. అక్కడ పుల్లీ ఏం చేయలేదు.

ఏ సైజు తీసుకోవాలి

డ్రైవ్‌ను కిలోవాట్లు చూసి కాదు, ఆంపియర్లు చూసి కొనాలి. 415 వోల్టుల దగ్గర 37 కిలోవాట్ల మోటార్ నేమ్‌ప్లేట్ మీద 64 నుంచి 66 ఆంపియర్లు కనిపిస్తాయి. ఏసీఎస్580లో 37 కిలోవాట్ల తరగతిది 073ఏ మోడల్, అంటే 73 ఆంపియర్లది. అదే పెట్టెను హెవీ డ్యూటీ కింద లెక్కేస్తే 30 కిలోవాట్లే. లైట్ డ్యూటీ అంటే పది నిమిషాల్లో ఒక నిమిషం 110% ఓవర్‌లోడు. హెవీ డ్యూటీ అంటే 150%. ఫ్యాన్‌కు లైట్ డ్యూటీ చాలు. ఎలివేటర్, స్క్రూ కన్వేయర్ లాంటి వాటికి హెవీ డ్యూటీ కాలమ్ చూడాలి.

మన ఎండల్లో అసలు చిక్కు ఇంకోటి. ఈ డ్రైవ్ 40 డిగ్రీల వరకే పూర్తి కరెంట్ ఇస్తుంది. అక్కడి నుంచి 50 దాకా ఒక్కో డిగ్రీకి 1% తగ్గించుకోవాలి. మే నెలలో బయటే 44 ఉంటే ప్యానెల్ లోపల 50 దాటడం పెద్ద విషయం కాదు. 50 దగ్గర 10% పోతే 73 కాస్తా 66కు దిగి, మోటార్ ఫుల్ లోడుకు సరిగ్గా సమానమవుతుంది. అంటే చేతిలో ఏమీ మిగల్లేదు. బాయిలర్ షెడ్డులోనే పెట్టాల్సి వస్తే 45 కిలోవాట్ల తరగతిలోని 088ఏ తీసుకోవడం తెలివైన పని. ఏసీ ఉన్న ఎలక్ట్రికల్ రూమ్‌లో పెట్టేవాళ్ళకు 073ఏ సరిపోతుంది.

డ్రైవ్‌లో బాగున్నవి

డిస్‌ప్లే ఉన్న కంట్రోల్ ప్యానెల్ దీని పెద్ద బలం. ట్రిప్ అయినప్పుడు నంబరుతో పాటు ఏం జరిగిందో మాటల్లో చెబుతుంది, తేదీ, టైమ్ కూడా ఉంటాయి. రాత్రి షిఫ్టులో ఎప్పుడు ట్రిప్ అయిందో ఆపరేటర్‌ను అడగక్కర్లేదు. ప్రైమరీ సెట్టింగ్స్ మెనూలో మోటార్ డేటా, ర్యాంపులు (స్పీడ్ పెరిగే, తగ్గే సమయాలు), పీఐడీ (కొలిచిన విలువను బట్టి స్పీడ్‌ను తనంతట తానే సర్దే కంట్రోల్) వరుసగా అడుగుతుంది. ప్యారామీటర్ నంబర్లు గుర్తులేని ఎలక్ట్రీషియన్ కూడా పని ముగించగలడు. సెట్టింగ్‌లన్నీ ఆ ప్యానెల్‌లోనే బ్యాకప్ తీసుకోవచ్చు. స్పేర్ డ్రైవ్ పెట్టినప్పుడు పది నిమిషాల్లో పాత సెట్టింగ్‌లు దించేయొచ్చు.

ఇన్‌పుట్ కరెంట్‌ను చదును చేసే చోక్ లోపలే ఉంది. చోక్ లేని చవక డ్రైవ్‌లలో ఇన్‌పుట్ కరెంట్ హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు రెట్లలో వచ్చే అదనపు కరెంట్లు) 80% దాటేస్తాయి. చోక్ ఉన్నవాటిలో లోడు, ట్రాన్స్‌ఫార్మర్ సైజును బట్టి సుమారు సగానికి దిగుతాయి. ఒకటి రెండు డ్రైవ్‌లకు తేడా తెలియదు. ఐడీ, ఎఫ్‌డీ (బాయిలర్‌లోకి గాలి తోసే ఫ్యాన్), డ్రయ్యర్ బ్లోయర్లు అన్నిటికీ పెట్టేసరికి ట్రాన్స్‌ఫార్మర్ లోడులో సగం డ్రైవ్‌లే అవుతాయి. అప్పుడు ఏపీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను ఆటోమేటిక్‌గా సర్దే) ప్యానెల్‌లోని కెపాసిటర్లు ఉబ్బిపోవడం మొదలవుతుంది. ఆ దశ వచ్చేముందే కెపాసిటర్లకు సిరీస్‌లో 7% డీట్యూన్డ్ రియాక్టర్లు వేయాలి. అప్పుడు ఆ సర్క్యూట్ 189 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ అయి, 5వ హార్మోనిక్ అయిన 250 హెర్ట్జ్‌తో రెజోనెన్స్‌లోకి పోదు.

ఆరు డిజిటల్ ఇన్‌పుట్లు, రెండు అనలాగ్ ఇన్‌పుట్లు, రెండు అనలాగ్ ఔట్‌పుట్లు, మూడు రిలేలు, మోడ్‌బస్ (ఇతర కంట్రోలర్లకు కలిపే లింకు) అన్నీ అదనపు కార్డు లేకుండానే వస్తాయి. ఐడీ ఫ్యాన్ పనికి ఇంతకంటే అక్కర్లేదు. బోర్డులకు కోటింగ్ ఉంది, తౌడు దుమ్ము ఉన్నచోట అది చిన్న విషయం కాదు.

పాత స్టార్టర్ విప్పేటప్పుడు

ఎక్కువ డ్రైవ్‌లు పాడయ్యేది ఈ దశలోనే. తొందర పడకుండా ఒక రోజు పూర్తిగా కేటాయించండి.

మొదట మోటార్ కెపాసిటర్ వెతకండి. పాత ఇన్‌స్టలేషన్లలో స్టార్టర్ కింది వైపున, లేదా మోటార్ పక్కన గోడకు ఒక కెపాసిటర్ ఉంటుంది. డ్రైవ్ ఔట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే ప్రతి స్విచింగ్ పల్స్‌కూ అది కరెంట్ గుంజుతుంది. స్టార్ట్ నొక్కిన క్షణంలోనే 2310 అనే ఓవర్ కరెంట్ ట్రిప్ కోడ్ వస్తుంది, లేదా ఐజీబీటీలు (డ్రైవ్ లోపలి స్విచింగ్ ట్రాన్సిస్టర్లు) పోతాయి. విప్పి స్టోర్‌లో పెట్టండి. డ్రైవ్ ఇన్‌పుట్ వైపు పవర్ ఫ్యాక్టర్ ఎలాగూ 1కి దగ్గరగా ఉంటుంది, ఈ కెపాసిటర్‌తో ఇక పని లేదు.

రెండోది కనెక్షన్. స్టార్ డెల్టా మోటార్ నుంచి ఆరు వైర్లు వస్తాయి. డ్రైవ్‌కు మూడే చాలు. మోటార్ టెర్మినల్ బాక్సులో యూ1-డబ్ల్యూ2, వీ1-యూ2, డబ్ల్యూ1-వీ2 లింకులు వేసి డెల్టా చేయాలి. నేమ్‌ప్లేట్ మీద 415 డెల్టా అని ఉన్న మోటార్‌కు పొరపాటున స్టార్ లింకులు వేస్తే మోటార్ తిరుగుతుంది కానీ, 30 హెర్ట్జ్ దాటాక టార్క్ చాలక స్లిప్ పెరిగి వేడెక్కుతుంది. తిరుగుతోంది కదా అని ఎవరూ అనుమానించరు, అదే దీనిలోని ప్రమాదం.

పాత స్టార్టర్‌నే బైపాస్‌గా (డ్రైవ్ పాడైతే మోటార్‌ను నేరుగా నడిపే దారిగా) ఉంచుకుందామని చాలామంది అంటారు. వద్దు. చాలా స్టార్ డెల్టా ప్యానెళ్ళలో డెల్టా కాంటాక్టర్‌కు ఫీడ్ మెయిన్ కాంటాక్టర్ పై నుంచి ఉంటుంది. డ్రైవ్ నడిచేటప్పుడు డెల్టా కాంటాక్టర్ పట్టిందంటే మెయిన్ సప్లై వైండింగ్ గుండా డ్రైవ్ ఔట్‌పుట్‌లోకి వెళ్తుంది. డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది. బైపాస్ తప్పనిసరి అనుకుంటే డ్రైవ్ ఔట్‌పుట్ కాంటాక్టర్‌కు, బైపాస్ కాంటాక్టర్‌కు మధ్య ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్‌తో పాటు మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా ఉన్న కొత్త ప్యానెల్ చేయించాలి. మరో దారి, ఒక స్పేర్ డ్రైవ్ కొని పెట్టుకోవడం. ఎఫ్‌డీకి, డ్రయ్యర్ బ్లోయర్‌కు కూడా ఇదే సైజు పెడితే ఒక స్పేర్ మూడింటికీ సరిపోతుంది.

కేబుల్ దగ్గర ఖర్చు తగ్గించడం ఎక్కువ. మోటార్‌కు మూడు కోర్లు, చుట్టూ ఆర్మర్ (లోహపు కవచం) ఉన్న కేబుల్ అతుకు లేకుండా ఒకటే పొడవు రావాలి. ఆర్మర్‌ను రెండు చివర్లా గ్లాండ్‌తో పూర్తిగా బిగించి ఎర్త్ చేయాలి. ఆర్మర్‌ను పిలకలా మెలితిప్పి ఒక బోల్టుకు కట్టడం వల్ల హై ఫ్రీక్వెన్సీ కరెంట్‌కు దారి దొరకదు, అది బేరింగుల గుండా వెళ్తుంది. అల్యూమినియం కేబుల్ వాడితే డ్రైవ్ టెర్మినల్ దగ్గర బైమెటాలిక్ లగ్గు వాడాలి. మోటార్ కేబుల్‌కూ కంట్రోల్ కేబుల్‌కూ మధ్య 500 మిల్లీమీటర్లు, మోటార్ కేబుల్‌కూ ఇన్‌పుట్ కేబుల్‌కూ మధ్య 300 ఉండాలి. దాటాల్సి వస్తే 90 డిగ్రీల కోణంలో దాటించాలి. డ్రాఫ్ట్ ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ వైర్‌ను మోటార్ కేబుల్ ట్రేలోనే వేసేస్తే ఫ్యాన్ స్పీడ్ ఊరికే ఊగుతూ ఉంటుంది. దానికి పీఐడీ సెట్టింగ్‌లను రోజుల తరబడి మారుస్తూ కూర్చోవడం కనిపిస్తుంది.

ఇన్‌పుట్ వైపు 30 మిల్లీ ఆంపియర్ల మామూలు ఈఎల్‌సీబీ (ఎర్త్ లీకేజ్ బ్రేకర్) ఉంటే అది ఆగకుండా ట్రిప్ అవుతుంది. డ్రైవ్‌లోని ఈఎంసీ (విద్యుత్ అలజడిని అణిచే) ఫిల్టర్ కొంత కరెంట్‌ను ఎర్త్‌లోకి పంపుతుంది, అది లోపం కాదు. రక్షణ కావాలంటే టైప్ బీ (డీసీ లీకేజ్‌ను కూడా గుర్తించే) పరికరం వాడాలి. న్యూట్రల్ ఎర్త్ చేయని జనరేటర్ మీద నడిపేవాళ్ళు ఈఎంసీ స్క్రూ, వీఏఆర్ (సర్జ్‌ను ఆపే వేరిస్టర్) స్క్రూ రెండూ తీయాలి. వాటిని ఎక్కడ, ఎలా తీయాలో మాన్యువల్‌లో ఫ్రేమ్ ప్రకారం బొమ్మ ఉంది.

మోటార్ విషయానికొస్తే, మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) పెట్టేముందు మోటార్ కేబుల్‌ను డ్రైవ్ నుంచి తప్పకుండా విప్పాలి. డ్రైవ్ కలిసి ఉండగా మెగ్గర్ పెడితే అదే దాని చివరి రోజు. 1000 వోల్టుల దగ్గర 100 మెగా ఓమ్‌లు పైన ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్ళొచ్చు. 415 వోల్టుల సప్లైకి డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజ్) 560 నుంచి 590 వోల్టుల వరకు ఉంటుంది. కేబుల్ పొడవు పెరిగితే పల్స్ తిరిగి తగిలి మోటార్ టెర్మినల్స్ దగ్గర ఇది దాదాపు రెట్టింపు అవుతుంది. మూడు నాలుగు సార్లు రీవైండింగ్ చేసి, బ్రష్‌తో వార్నిష్ పూసిన మోటార్ ఈ పల్సులను ఎక్కువ కాలం తట్టుకోదు. అలాంటిదైతే మళ్ళీ వైండింగ్ చేయించేటప్పుడు డ్యూయల్ కోటెడ్ వైరు, ముంచి ఎండబెట్టే వార్నిష్ అడగండి. లేదా కొత్త ఇన్వర్టర్ డ్యూటీ మోటార్ తీసుకోండి. 100 కిలోవాట్లు దాటిన మోటార్లకు వెనక బేరింగ్ ఇన్సులేటెడ్‌ది కావాలి. 37 కిలోవాట్లకు ఎర్త్ సరిగా ఉంటే మామూలు బేరింగ్ చాలు. బేరింగ్ విప్పినప్పుడు రేస్ మీద రుబ్బురోలు గాట్ల లాంటి సమాన గీతలు కనిపిస్తే అది బేరింగ్ నాణ్యత తప్పు కాదు, ఎర్త్ తప్పు.

వేడి, దుమ్ము

37 కిలోవాట్ల డ్రైవ్ ఫుల్ లోడు మీద సుమారు 1000 వాట్లు వేడి వదులుతుందని లెక్కేసుకోవచ్చు. ఆ వేడిని 10 డిగ్రీల తేడాతో బయటికి తోయాలంటే గాలి గంటకు 3.1 × 1000 ÷ 10, అంటే 310 ఘనపు మీటర్లు కావాలి. మామూలు 4 అంగుళాల ఫ్యాన్‌కు ఫిల్టర్ బిగించాక ఇందులో సగం కూడా రాదు. ఆ ఫిల్టర్ వారంలో తౌడుతో నిండిపోతుంది. అందుకే ఐపీ21 (దుమ్మును ఆపని మామూలు రకం) డ్రైవ్‌ను పెట్టెలో పెట్టి, బయటి ఫిల్టర్‌ను వారానికోసారి దులిపే పని ఎవరికీ అప్పగించకుండా వదిలేస్తే మే నెలలో ఓవర్ టెంపరేచర్ ట్రిప్‌లు ఖాయం. ప్యానెల్ అడుగు నుంచి గాలి లోపలికి, పై నుంచి బయటికి వెళ్ళాలి. డ్రైవ్ మీద వేడి గాలి మళ్ళీ కింది వైపుకు తిరిగి రాకుండా అడ్డుగా ఒక షీట్ పెట్టాలి.

ఇదే డ్రైవ్‌కు దుమ్మును, నీటి జల్లును తట్టుకునే ఐపీ55 రకం ఉంది. అదనపు ప్యానెల్ లేకుండా నేరుగా గోడకు బిగించొచ్చు. ప్యానెల్, ఫ్యాన్, ఫిల్టర్ ఖర్చులు కలిపి చూస్తే చాలాసార్లు ఇదే మేలు. అయినా బాయిలర్ ఎదురుగా వద్దు, వేడి ఎక్కడికి పోతుంది?

సెట్టింగ్‌లు

ప్యారామీటర్ల 99 గ్రూపులో మోటార్ నేమ్‌ప్లేట్ విలువలు: 99.06లో కరెంట్, 99.07లో వోల్టేజ్, 99.08లో 50 హెర్ట్జ్, 99.09లో స్పీడ్, 99.10లో పవర్. ఇక్కడ స్పీడ్ 1500 అని ఇవ్వొద్దు, నేమ్‌ప్లేట్ మీద ఉన్న 1475 లాంటి అంకే ఇవ్వాలి. ఐడీ ఫ్యాన్‌కు 99.04లో స్కేలార్ మోడ్ (వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ నిష్పత్తితో నడిపే సాదా పద్ధతి) చాలు.

ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో డిజిటల్ ఇన్‌పుట్ 1 స్టార్ట్, 2 దిశ మార్చేది. కనిష్ఠ ఫ్రీక్వెన్సీ 30.13 మైనస్ 50గా వస్తుంది, అంటే రివర్స్‌కు అనుమతి ఉన్నట్లే. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి అదే దిక్కుకు కొంచెం తోస్తుంది, అందుకే ఎవరూ గమనించరు. 30.13ను 25 గానీ 28 గానీ చేయండి. రివర్స్ ఆగిపోతుంది, అడుగు హద్దు కూడా అదే అవుతుంది. మరీ తక్కువకు వెళ్తే మల్టీ సైక్లోన్‌లో గాలి వేగం చాలక బూడిద పట్టదు, డక్టుల్లో పేరుకుంటుంది. ఊక బాయిలర్‌లో డ్రాఫ్ట్ పోతే మంట తలుపు వైపు వెనక్కి తన్నుతుంది. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 30.14 మాత్రం 50 దగ్గరే ఆపండి. 55 అంటే పవర్ 1.33 రెట్లు. మోటార్ సంగతి అలా ఉంచితే, అరిగిన రెక్కలున్న ఇంపెల్లర్‌కు అది ప్రాణాపాయం.

ర్యాంపుల్లో స్కేలార్ మోడ్‌కు యాక్సిలరేషన్ 28.72, డీసిలరేషన్ 28.73. మొదటిదానికి 40 నుంచి 60 సెకన్లు, రెండోదానికి కనీసం 90. బరువైన ఇంపెల్లర్‌ను పది సెకన్లలో ఆపబోతే మోటార్ జనరేటర్‌గా మారి డీసీ బస్ నింపుతుంది, 3210 ఓవర్ వోల్టేజ్ ట్రిప్ వస్తుంది. ఫ్యాన్‌కు బ్రేక్ రెసిస్టర్ అమ్మజూపితే తీసుకోవద్దు. స్టాప్ మోడ్ కోస్ట్ (ఫ్యాన్ దానంతట అదే ఆగేలా) పెడితే ఆ గొడవే లేదు.

స్టార్ట్ మోడ్ 21.19ను ఆటోమేటిక్‌గా పెట్టాలి. కరెంట్ పోయి వచ్చేసరికి ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, చిమ్నీ లాగుడుకు ఆగి ఉన్న ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతుంది. ఆటోమేటిక్ మోడ్‌లో డ్రైవ్ ఆ తిరుగుడును పట్టుకుని అక్కడి నుంచి లాగుతుంది. లేకపోతే ఓవర్ కరెంట్ ట్రిప్.

డ్రాఫ్ట్ కంట్రోల్‌కు 4-20 మిల్లీ ఆంపియర్ల ట్రాన్స్‌మిటర్ ఒకటి ఫర్నేస్‌కు పెట్టి, డ్రైవ్‌లోని పీఐడీ అంటే 40 గ్రూపును వాడండి. సెట్ పాయింట్ మైనస్ 3 మిల్లీమీటర్ల వాటర్ కాలమ్ దగ్గర మొదలుపెట్టొచ్చు. ఇంపల్స్ పైపు (ఫర్నేస్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వెళ్ళే సన్న గొట్టం) బూడిదతో మూసుకుపోతే పీఐడీ గుడ్డిగా నడుస్తుంది, అందుకే దానికి ఊదుకునే కాక్ ఒకటి ఉండాలి. రెండో రిలే డీఫాల్ట్‌గా రన్నింగ్ సిగ్నల్ ఇస్తుంది, దాన్ని ఎఫ్‌డీ ఫ్యాన్ స్టార్ట్ సర్క్యూట్‌లో సిరీస్‌గా వేయండి. ఐడీ ఆగగానే ఎఫ్‌డీ ఆగాలి. ఈ ఒక్క వైరు విషయంలో ఎలక్ట్రీషియన్‌తో రాజీ వద్దు.

ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఫౌండేషన్ అదిరితే 28.51తో క్రిటికల్ ఫ్రీక్వెన్సీ ఫంక్షన్ ఆన్ చేసి, ఆ పట్టీ దగ్గర ఆగకుండా దాటించొచ్చు. అంతకుముందు ఇంపెల్లర్ మీద బూడిద పేరుకుందేమో చూడండి. అదే అసలు కారణమైతే సెట్టింగ్‌తో దాచిపెట్టినట్టవుతుంది.

డిస్‌ప్లే మీద కనిపించే ఆదా యూనిట్లను నమ్మకండి. 45.19లో పోలిక పవర్ ఇవ్వకపోతే డ్రైవ్ మోటార్ నేమ్‌ప్లేట్ పవర్‌తో పోల్చుకుంటుంది. ముందు 30 తీసుకునే మోటార్‌కు 37తో పోలిస్తే ఆదా అంకె ఊరికే ఉబ్బుతుంది. మొదట కొలిచిన 30 అక్కడ ఇవ్వండి.

సెట్టింగ్‌లు అన్నీ అయ్యాక డ్యాంపర్‌ను పూర్తిగా తెరిచి వెల్డింగ్ టాక్ వేయించండి. ఇది హాస్యం కాదు. పాత అలవాటున్న ఆపరేటర్ డ్రైవ్‌ను 50 మీద పెట్టి డ్యాంపర్ మూస్తాడు. అప్పుడు డ్రైవ్ ఆదా చేయదు సరికదా, తన సొంత నష్టం 2-3% అదనంగా తింటుంది.

తరచూ వచ్చే ట్రిప్‌లు

2330 ఎర్త్ లీకేజ్ వర్షాకాలంలో ఎక్కువ. మోటార్ టెర్మినల్ బాక్సు గ్యాస్‌కెట్, కేబుల్ గ్లాండ్ చూడండి. 3130 ఇన్‌పుట్ ఫేజ్ లాస్ వస్తే ఎగువ ఫ్యూజు, ఐసోలేటర్ బ్లేడు, వదులైన లగ్గు. 3220 లో వోల్టేజ్, పీక్ టైమ్‌లో లైన్ దిగినప్పుడు. ఆటో రీసెట్ 31.12 నుంచి 31.16 వరకు ఉంది, అయితే ఓవర్ కరెంట్‌కు దాన్ని ఎప్పుడూ ఆన్ చేయొద్దు. షార్ట్ ఉన్న కేబుల్ మీదికి మళ్ళీ మళ్ళీ కొట్టి ఉన్న డ్రైవ్‌నూ పోగొట్టుకుంటారు. 5091 వస్తే ఎస్‌టీవో (సేఫ్ టార్క్ ఆఫ్) టెర్మినల్స్ మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జంపర్లు ఎవరో తీసేశారు.

పని చేసేముందు సప్లై ఆపి 5 నిమిషాలు ఆగాలి, తర్వాత మీటర్‌తో డీసీ బస్ సున్నా అని చూసుకోవాలి. డిస్‌ప్లే ఆరిపోయిందంటే డిస్‌ఛార్జ్ అయిందని కాదు.

నచ్చనివి, ఇంకెక్కడ పెట్టొచ్చు

ప్యారామీటర్ల జాబితా చాలా పొడవు. ప్రైమరీ సెట్టింగ్స్ దాటి లోపలికి వెళ్ళాల్సి వస్తే మాన్యువల్ లేకుండా ముందుకు పోలేరు. కంట్రోల్ టెర్మినల్స్ చిన్నవి, ఫెర్రూల్ (వైరు చివర బిగించే లోహపు తొడుగు) లేకుండా పోగుల వైరు దూర్చితే ఒక పోగు పక్క టెర్మినల్‌కు తగులుతుంది. చిన్న ఫ్రేములు దాటాక బ్రేక్ చాపర్ (బ్రేక్ రెసిస్టర్‌కు కరెంట్ మళ్ళించే భాగం) లోపల ఉండదు. ఫ్యాన్‌కు అక్కర్లేదు కానీ, ఇదే డ్రైవ్‌ను హాయిస్ట్ లాంటి వాటికి తీసుకుందామనుకునేవాళ్ళు అది విడిగా కొనాల్సిందే. డ్రైవ్ లోపలి కూలింగ్ ఫ్యాన్ అరిగే భాగం, మన దుమ్ములో మాన్యువల్ చెప్పిన గడువు దాకా ఆగదు. ధర విషయానికొస్తే చోక్ లేని బ్రాండ్‌తో పోల్చేటప్పుడు ఆ కొటేషన్‌లో చోక్, ఫిల్టర్ ఖర్చులు కూడా కలిపి చూడండి.

మిల్లులో తర్వాతి వంతు ఎఫ్‌డీకి, డ్రయ్యర్ బ్లోయర్‌కు, దుమ్ము లాగే యాస్పిరేషన్ బ్లోయర్‌కు. పాలిషర్, వైట్‌నర్, ఎలివేటర్లకు డ్రైవ్ పెడితే మెత్తగా స్టార్ట్ అవుతాయి, బెల్టులు ఎక్కువ కాలం వస్తాయి, కానీ కరెంట్ బిల్లు తగ్గదు. ఎలివేటర్‌ను 25 హెర్ట్జ్ కింద నడపాల్సి వస్తే మోటార్‌కు విడిగా కూలింగ్ ఫ్యాన్ కావాలి. టార్క్ తగ్గదు కాబట్టి వైండింగ్ వేడి అలాగే ఉంటుంది, వెనకున్న ఫ్యాన్ మాత్రం సగం స్పీడే తిరుగుతుంది.

స్పేర్ డ్రైవ్ కొని అల్మారాలో పెట్టేవాళ్ళకు ఒక మాట. ఏడాది దాటి కరెంట్ లేకుండా ఉంటే లోపలి డీసీ కెపాసిటర్లను రీఫార్మింగ్ (మెల్లగా వోల్టేజ్ ఇచ్చి తిరిగి సిద్ధం చేయడం) చేశాకే వాడాలి. అందుకని సీజన్ మొదలయ్యే ముందు దాన్ని బయటికి తీసి కొన్ని గంటలు సప్లై ఇచ్చి పెట్టండి, కంట్రోల్ ప్యానెల్ బ్యాకప్ కూడా అదే రోజు కొత్తగా తీసుకోండి.